డెబ్బై దగ్గర ఆగిన బండి

మొదట్లో పరుగులు పెట్టిన మార్కులు ఉన్నట్టుండి ఓ అంకె దగ్గర ఆగిపోతాయి. ఎంత చదివినా కదలవు. లా ఎంట్రెన్సుకు తయారయ్యే పిల్లల్లో చాలామందికి ఎదురయ్యే గండం ఇది. అది తెలివికి హద్దు కాదు, చదివే పద్ధతికి వచ్చిన హద్దు. దాన్ని దాటడానికి దారులున్నాయి!

తిరువూరులో ఓ ఇల్లు ఊహించుకోండి. విజయవాడ నుంచి మైలవరం మీదుగా రెండు గంటల బస్సు ప్రయాణం. ఇంకాస్త ముందుకెళితే తెలంగాణ. నాన్న మామిడి తోట కౌలుకు చేస్తాడు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఊళ్లో కోర్టు దగ్గర నల్లకోట్లు వేసుకుని తిరిగే ప్లీడర్లను చూసిందో, పొలం గట్టు తగాదాలో నాన్న పడ్డ తిప్పలు చూసిందో గానీ, లాయర్ కావాలని పట్టుబట్టింది.

జూన్‌లో రాసిన మొదటి మాక్ టెస్టులో 120కి 42. జులైలో 55. ఆగస్టులో 66. ఇంట్లో అందరి మొహాల్లో వెలుగు. సెప్టెంబరులో 70. ఆ తర్వాత... 69, 71, 68, మళ్లీ 70! పొద్దున అయిదింటికే లేస్తోంది, రాత్రి పదకొండు దాకా పుస్తకం వదలడం లేదు. అయినా అంకె మాత్రం అక్కడే ఉంది.

‘ఇంకాస్త గట్టిగా చదవరాదూ’ అంటుంది అమ్మ. ‘చదువుతూనే ఉన్నాగా’ అని విసుక్కుంటుంది పిల్ల. దరఖాస్తు గడువు దగ్గర పడింది. ‘పోనీలేమ్మా, నీవల్ల కాదనుకుంటే ఇప్పుడే చెప్పు, డిగ్రీలో చేర్పిస్తా’ అంటాడు నాన్న. ఆయన కోపంతో అనలేదు. కౌలు డబ్బులు లెక్క చూసుకుని అన్నాడు. ఆ రాత్రి అమ్మాయి అన్నం తినలేదు.

ఊహించుకున్న ఇల్లే. కానీ ఇలాంటి ఇళ్లు జిల్లాకెన్నో! ఇక్కడ తేలాల్సింది ఒక్కటే. ఆ డెబ్బై ఆమె శక్తికి ఆఖరి మెట్టా, లేక మధ్యలో వచ్చే మజిలీయా?

పరీక్షే మారిపోయింది

ముందు ఆ పరీక్ష సంగతి చూద్దాం. బెంగళూరులో నేషనల్ లా స్కూల్, హైదరాబాద్‌లో 1998లో మొదలైన నల్సార్, విశాఖపట్నం దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం... ఇలా దేశంలోని ఇరవైకి పైగా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో సీటుకు దారి కామన్ లా అడ్మిషన్ టెస్ట్. అందరూ క్లాట్ అంటారు. ఒకప్పుడు ఏ విశ్వవిద్యాలయం పరీక్ష దానిదే. ఊరూరూ తిరిగి రాయాల్సి వచ్చేది. దానిమీద ఓ విద్యార్థి సుప్రీంకోర్టుకెక్కాడు. ఫలితంగా 2008లో ఏడు విశ్వవిద్యాలయాలు కలిసి మొదటి క్లాట్ పెట్టాయి.

అప్పట్లో 200 ప్రశ్నలు. జ్ఞాపకశక్తి ఉన్నవాళ్లకు పండగే. 2020 నుంచి కథ మారింది. ప్రశ్నలన్నీ ప్యాసేజీల మీదే. 2023 డిసెంబరులో జరిగిన పరీక్ష నుంచి 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. తప్పు రాస్తే పావు మార్కు కోత. ఇంగ్లిషు, వర్తమాన వ్యవహారాలు, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, కాస్త లెక్కలు... అంతా ఇంగ్లిషులోనే. 2025 డిసెంబరు 7న జరిగిన పరీక్షకు జనరల్ అభ్యర్థుల దరఖాస్తు రుసుమే 4000 రూపాయలు. కౌలు రైతు ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

గంటకొట్టే లెక్క

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఒక్కో ప్యాసేజీ 450 పదాల దాకా ఉంటుంది. దాని కింద నాలుగైదు ప్రశ్నలు. లెక్కల ప్యాసేజీలు కాస్త పొట్టివి. మొత్తం కలిపితే దగ్గర దగ్గర పది వేల పదాలు చదవాలి. ప్రశ్నలూ, ఆప్షన్లూ అదనం.

నిమిషానికి 120 ఇంగ్లిషు పదాలు చదివే అమ్మాయికి ప్యాసేజీలు చదవడానికే 83 నిమిషాలు పోతాయి. మిగిలేది 37 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు 18 సెకన్లు! అదే నిమిషానికి 180 పదాలు చదవగలిగితే మిగిలేది 64 నిమిషాలు. ప్రశ్నకు 32 సెకన్లు. ఇద్దరికీ తెలివి ఒక్కటే, చదివిన పుస్తకాలూ అవే. కానీ ఒకరికి ఆలోచించే టైమే లేదు.

డెబ్బై దగ్గర ఆగిపోవడానికి చాలాసార్లు అసలు కారణం ఇదే. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్లలకు ఇది మరీ ఎక్కువ. ఇంగ్లిషు అర్థం కాక కాదు. ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుని మళ్లీ ఇంగ్లిషులో జవాబు వెతుక్కోవడంలో సమయం కరిగిపోతుంది. అలాంటప్పుడు ఇంకో గైడు కొని బట్టీపడితే మార్కులెలా పెరుగుతాయి?

టెలిగ్రాఫు కుర్రాళ్లు చెప్పిన రహస్యం

ఈ గండం కొత్తదేం కాదు. నూట పాతికేళ్ల కిందటే దీన్ని ఇద్దరు కాగితం మీద పెట్టారు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో విలియం బ్రయన్, నోబుల్ హార్టర్ అనేవాళ్లు టెలిగ్రాఫు నేర్చుకునే కుర్రాళ్లను పరిశీలించారు. హార్టర్ స్వయంగా టెలిగ్రాఫు పని తెలిసినవాడు. 1897లో ఒకటి, 1899లో మరొకటి... రెండు పరిశోధన వ్యాసాలు అచ్చయ్యాయి.

టెలిగ్రాం అంటే ఒకప్పుడు మన ఊళ్లలోనూ ఇంటిల్లిపాదికీ గుండెలదిరేవి. 2013 జులైలో మనదేశంలో ఆ సేవ ఆగిపోయింది. ఆ కట్టు, కడ శబ్దాలు విని సందేశం రాసుకోవడం మామూలు విద్య కాదు. బ్రయన్, హార్టర్ గమనించిందేమిటంటే- సందేశం పంపే వేగం నున్నగా పెరుగుతూ పోయేది. వినే వేగం మాత్రం కొంతదాకా పెరిగి, వారాల తరబడి అక్కడే ఆగిపోయేది. పెద్ద లైన్లలో ఉద్యోగానికి కావలసిన వేగానికి కాస్త కిందే! చాలామంది అక్కడే విసిగిపోయి మానేసేవాళ్లు. పట్టు వదలని వాళ్లకు మాత్రం ఉన్నట్టుండి వేగం మళ్లీ పెరిగేది.

ఎందుకలా? మొదట్లో కుర్రాడు ఒక్కో అక్షరాన్నీ విడిగా వింటాడు. అది అలవాటయ్యాక పదాలు పదాలుగా వింటాడు. ఆ తర్వాత వాక్యం మొత్తాన్నీ ఒక్క ముక్కగా పట్టేస్తాడు. కింది మెట్టు పూర్తిగా అలవాటయ్యేదాకా పై మెట్టు అందదు. ఆ మధ్యకాలంలో బయటికి ఏమీ జరగనట్టే ఉంటుంది.

అయితే ఈ కథకు ఓ కొసమెరుపు ఉంది. 1958లో ఫ్రెడ్ కెల్లర్ అనే మనస్తత్వవేత్త ఈ ఆగిపోవడం అందరికీ తప్పనిసరి కాదని, అదొక భ్రమలాంటిదని వాదించాడు. నేర్పే తీరు మారితే ఆ మజిలీ లేకుండానూ పోవచ్చన్నమాట. మన అమ్మాయికి రెండూ పనికొచ్చే మాటలే. ఆగిపోయినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. అలాగని చేతులు కట్టుక్కూర్చుంటే దానంతటదే కదలదు.

నిజంగా ఆగిందా?

మందు వేసే ముందు జబ్బేమిటో తెలియాలి. ఓ నాణేన్ని వందసార్లు ఎగరేస్తే సరిగ్గా యాభై బొమ్మలు పడవు. ఓసారి 45, ఓసారి 55 పడొచ్చు. అంతమాత్రాన నాణెం మారిందంటామా? మాక్ టెస్టు మార్కులూ అంతే. తెలిసిన అంశం మీద ప్యాసేజీ వస్తే రెండు మార్కులు ఎక్కువ, గుడ్డిగా పెట్టినవి తప్పితే రెండు తక్కువ. 68కీ 72కీ అసలు తేడా లేదు. 72 వచ్చిన రోజు మిఠాయి, 68 వచ్చిన రోజు ఏడుపు... రెండూ అనవసరమే.

అందుకే ఒక్క టెస్టును కాకుండా నాలుగు టెస్టుల సగటును చూడాలి. ఆ సగటును అంతకుముందు నాలుగింటితో పోల్చాలి. సబ్జెక్టుల వారీగానూ చూడాలి. మొత్తం డెబ్బై దగ్గరే ఉన్నా, లీగల్ రీజనింగ్‌లో నాలుగు మార్కులు పెరిగి, వర్తమాన వ్యవహారాల్లో నాలుగు తగ్గి ఉండొచ్చు. అప్పుడది ఆగిపోవడం కాదు, ఒకచోట సంపాదించింది మరోచోట పోగొట్టుకోవడం.

గడియారం లేకుండా మరోసారి

ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఇది. రెండు గంటల టెస్టు ముగిసిందా? జవాబులు చూడొద్దు. మర్నాడు అదే పేపర్ తీసుకుని, గడియారం పక్కన పెట్టేసి, తీరిగ్గా మళ్లీ చేయాలి. ఇప్పుడు రెండు మార్కులనూ పక్కపక్కన రాసుకోవాలి.

టైములో 70, తీరిగ్గా చేస్తే 92 వచ్చాయనుకోండి. విషయం వచ్చు, వేగమే లేదు. ఆ పిల్లకు కావలసింది కొత్త పుస్తకం కాదు, రోజూ గంటసేపు ఇంగ్లిషు చదవడం. దినపత్రిక సంపాదకీయం తీసుకుని, ఒక్కో పేరా అయ్యాక పేపరు మూసి, ‘ఇందులో రచయిత ఏమంటున్నాడు?’ అని ఒక్క వాక్యంలో చెప్పుకోవాలి. మొదట్లో తెలుగు సంపాదకీయంతో మొదలుపెట్టినా తప్పులేదు. వాదన పట్టుకోవడం ఏ భాషలోనైనా ఒకటే. వేగం మాత్రం ఇంగ్లిషులోనే రావాలి.

తీరిగ్గా చేసినా 73 దాటలేదా? అయితే లోపం వేగంలో లేదు, అర్థం చేసుకోవడంలో ఉంది. వారంపాటు టెస్టులు ఆపేసి, తప్పిన ప్రశ్నలతో కూర్చోవాలి.

తప్పుల పుస్తకం

చాలామంది టెస్టు రాస్తారు, మార్కు చూస్తారు, బాధపడతారు, ఇంకో టెస్టు రాస్తారు. మధ్యలో చేయాల్సిన అసలు పని వదిలేస్తారు. తప్పిన ప్రతి ప్రశ్ననూ ఓ నోట్‌బుక్‌లో రాసుకుని, అది ఎందుకు తప్పిందో ఒక్క ముక్కలో పక్కన రాసుకోవాలి. కారణాలు సాధారణంగా నాలుగే. విషయం తెలియకపోవడం. ప్రశ్నను సరిగా చదవకపోవడం. రెండు ఆప్షన్ల దాకా వచ్చి తప్పుదాన్ని పట్టుకోవడం. టైం చాలక గుడ్డిగా పెట్టడం.

నాలుగు టెస్టులు అయ్యేసరికి ఏ గడిలో ఎక్కువ గీతలున్నాయో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ‘నాకు లీగల్ రాదు’ అనుకునే అమ్మాయికి, తప్పుల్లో సగం ‘కానిది ఏది?’ అన్న ప్రశ్నను ‘ఏది?’ అని చదవడం వల్లేనని తేలొచ్చు. దానికి మందు చిన్నదే. ‘కాదు’, ‘తప్ప’ అనే అర్థం వచ్చే పదం కింద పెన్సిలుతో గీత గీయడం!

లీగల్ రీజనింగ్‌లో మరో ఉచ్చు ఉంది. ప్యాసేజీలో ఇలా ఉందనుకోండి: ‘ఇతరుల స్థలంలోకి అనుమతి లేకుండా వెళ్లడం తప్పు. నష్టం జరిగిందా లేదా అన్నదానితో పనిలేదు.’ ఓ కుర్రాడు తన క్రికెట్ బంతి కోసం పక్కవాళ్ల మామిడి తోట కంచె దూకాడు. కాయ ముట్టలేదు, కొమ్మ విరగలేదు. బంతి తీసుకుని వచ్చేశాడు. తప్పు చేసినట్టా, కాదా? ‘పాపం, ఏం నష్టం చేశాడు, బంతి వాడిదేగా’ అంటుంది మన మనసు. కానీ ప్యాసేజీ ఏమంది? నష్టంతో పనిలేదంది. కాబట్టి తప్పే. మన న్యాయం పక్కనపెట్టి, ఇచ్చిన సూత్రాన్ని మాత్రమే పట్టుకోవాలి. ఊళ్లో పెద్దమనిషిలా కాకుండా, చట్టం చదివిన మనిషిలా జవాబు పెట్టడం అలవాటైతే అక్కడ అయిదారు మార్కులు కదులుతాయి.

వదిలేయాలా, పెట్టేయాలా?

నెగెటివ్ మార్కుల భయంతో పదీ పదిహేను ప్రశ్నలు వదిలేసేవాళ్లుంటారు. ఇక్కడా లెక్కే దారి చూపిస్తుంది. ఏమీ తెలియని 16 ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున 4 ఒప్పవుతాయి, 12 తప్పవుతాయి. నాలుగు మార్కులొచ్చి మూడు పోతాయి. మిగిలేది ఒక్కటి. దానికోసం టైం పెట్టడం దండగే. అదే ఆ 16 ప్రశ్నల్లోనూ రెండేసి ఆప్షన్లు కచ్చితంగా తప్పని తేల్చగలిగితే? సగటున 8 ఒప్పు, 8 తప్పు. ఎనిమిది వచ్చి రెండు పోతే ఆరు మార్కులు లాభం! డెబ్బై దగ్గర ఆగిన వాళ్లకు ఆరు మార్కులంటే మాటలా?

లెక్కల విభాగాన్నీ చిన్నచూపు చూడకూడదు. 10 నుంచి 14 ప్రశ్నలు. పదో తరగతి స్థాయి శాతాలు, నిష్పత్తులు, సగటులే. ఆర్ట్స్ పిల్లలు భయపడి మొత్తానికే వదిలేస్తారు. రోజుకు అరగంట చొప్పున నెల కష్టపడితే తొందరగా ఫలితం చూపించే చోటు ఇదే.

ముందు తగ్గుతాయి... కంగారొద్దు

ఇక్కడో హెచ్చరిక. చదివే పద్ధతి మార్చగానే మార్కులు పెరగవు. ముందు తగ్గుతాయి! రెండు వేళ్లతో టైపు కొట్టేవాడు పది వేళ్లతో నేర్చుకోవడం మొదలుపెడితే మొదటి రెండు వారాలూ నత్తనడకే. మన అమ్మాయికీ 70 కాస్తా 64 కావచ్చు. సరిగ్గా అక్కడే చాలామంది బెదిరిపోయి పాత పద్ధతికి వెళ్లిపోతారు. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే తెలిస్తే మంచిది. ఆ రెండు మూడు వారాలూ ‘ఎన్ని వచ్చాయి?’ అని కాకుండా ‘ఇవాళ ఏ తప్పు పట్టుకున్నావు?’ అని అడిగితే పిల్లకు కొండంత బలం.

నిద్ర కోసి చదవడమూ మంచిది కాదు. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. పుస్తకాన్ని పదిసార్లు తిరగేయడం కన్నా, మూసేసి తనను తాను ప్రశ్నించుకోవడం వల్ల ఎక్కువ కాలం గుర్తుంటుందని రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో ప్రయోగాలతో చూపించారు. వర్తమాన వ్యవహారాలకు ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. రాత్రి భోజనాల దగ్గర నాన్న పేపర్ పట్టుకుని అయిదు ప్రశ్నలు వేస్తే అదే కోచింగ్!

దారి ఒక్కటే కాదు

ఎంత చేసినా క్లాట్‌లో అనుకున్న ర్యాంకు రాకపోతే? అక్కడితో నల్లకోటు కల చెదిరిపోదు. ఆంధ్రప్రదేశ్ లాసెట్ ఉంది. ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సుకు అదే దారి. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కుల్లేవు. ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఆ నిబంధన కూడా లేదు. క్లాట్‌కు చేసిన కష్టంలో చాలాభాగం ఇక్కడా అక్కరకొస్తుంది.

డబ్బులేని ఇళ్ల పిల్లలను క్లాట్‌కు తయారుచేయడానికి ప్రొఫెసర్ షమ్నాద్ బషీర్ 2010లో ‘ఇడియా’ అనే సంస్థకు ప్రాణం పోశారు. 2019లో ఆయన కన్నుమూసినా సంస్థ పని ఆగలేదు. పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి పిల్లలు న్యాయవిద్యలోకి రాకపోతే వాళ్ల గోడు కోర్టులో చెప్పేవాళ్లు ఎవరన్నదే ఆయన ఆలోచన.

ఇక మన జిల్లా సంగతే చూడండి. 2021 ఏప్రిల్ నుంచి 2022 ఆగస్టు దాకా దేశ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ ఎన్.వి. రమణది పొన్నవరం. తిరువూరు ఉన్న ఎన్టీఆర్ జిల్లాలోనే. రైతు కుటుంబంలో 1957లో పుట్టారు. 1983లో న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకునేనాటికి క్లాటూ లేదు, నల్సారూ లేదు. పరీక్ష ఒక తలుపు మాత్రమే. ఇంట్లోకి వెళ్లడానికి మరికొన్ని ఉన్నాయి.

తోటలో అక్టోబరు

మళ్లీ ఆ ఇంటికి వద్దాం. దరఖాస్తు పంపాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. అమ్మాయి తప్పుల పుస్తకం తెచ్చి నాన్న ముందు పెట్టిందనుకోండి. టైములో 70, తీరిగ్గా చేస్తే 91. ‘ఈ ఇరవై ఒకటీ నాకు వచ్చినవే నాన్నా. అందుకోవడమే ఆలస్యమవుతోంది’ అంది.

ఆ మాట మామిడి రైతుకు అర్థం కాకపోదు. అక్టోబరులో తోటలోకి వెళ్లి చూస్తే ఏమీ కనిపించదు. పూత ఉండదు, కాయ ఉండదు. చిగురేయడం కూడా ఆగిపోయి ఉంటుంది. చెట్టు పనిచేయడం మానేసిందని ఏ రైతూ దాన్ని కొట్టేయడు. ఆ కొమ్మలు ముదిరితేనే డిసెంబరు, జనవరుల్లో చలికి పూత వస్తుంది. మరో సంగతి కూడా ఆయనకు తెలుసు. చెట్టు కదలడం లేదు కదా అని ఆ రోజుల్లో నీళ్లు మరీ ఎక్కువ పెడితే పూతకు బదులు చిగురు తన్నుకొస్తుంది. ఎక్కువ పెట్టడం కాదు, ఆ దశకు ఏది కావాలో అది చేయడమే సేద్యం.

నాన్న కాసేపు ఆ పుస్తకం తిరగేశాడు. ‘రేపు నెట్ సెంటరుకు వెళ్లి దరఖాస్తు పెట్టేద్దాం’ అన్నాడు. ‘లాసెట్‌కూ పెడదాంలే. ముందు అన్నం తిను.’